ఇచ్ఛాపురం పొలం అమ్మే ముందు ఆ ఆరంకెల కోడ్ చూడండి

ప్రశ్న: మాది బరంపురం. పట్టుచీరల దుకాణం, నెలకు 55 వేలు మిగులుతుంది. మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు, చేతికి 48 వేలు వస్తుంది. నాకు 51 ఏళ్లు, ఆవిడకు 48. అమ్మాయి బి.ఆర్క్ నాలుగో ఏడు చదువుతోంది. అమెరికాలో ఎం.ఆర్క్ చేస్తానంటోంది. రెండేళ్లకు 86 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు లెక్క వేసిచ్చారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 14 లక్షలు, ఊళ్లో సొంత ఇల్లు, ఇచ్ఛాపురం దగ్గర 80 సెంట్ల పొలం ఉన్నాయి. జర్మనీలో అయితే చదువు ఉచితమని, లేదంటే సివిల్ ఇంజనీరింగ్‌లోకి మారమని మా బావమరిది అంటున్నాడు. పొలం అమ్మాలా, ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాలా?

జవాబు: పొలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎంత అప్పు చేయవచ్చో మీ ఇంటి విలువ చూసి తేల్చుకోకూడదు. డిగ్రీ అయ్యాక అమ్మాయి అక్కడ ఎన్నేళ్లు పని చేసుకోవచ్చు, ఆ పనికి జీతం ఎంత వస్తుంది, ఈ రెండూ చూసి తేల్చుకోవాలి. 86 లక్షల లెక్కలో ఈ రెండింటి ఊసే లేదు.

ముందు అమెరికా సంగతి. విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు డిగ్రీ తర్వాత 12 నెలలు ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది. దాన్ని ఓపీటీ అంటారు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఆర్కిటెక్చర్‌లో చిక్కు ఇక్కడే. అక్కడ ప్రతి కోర్సుకూ ఒక ఆరంకెల కోడ్ ఉంటుంది, జాబితా దాన్ని బట్టే. 04.0201 అనే మామూలు ఆర్కిటెక్చర్ కోడ్ ఆ జాబితాలో లేదు. ఆర్కిటెక్చరల్ అండ్ బిల్డింగ్ సైన్సెస్ కోడ్ 04.0902, ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ కోడ్ 14.0401 ఉన్నాయి. ఎం.ఆర్క్ అనే ఒకే పేరున్న కోర్సును ఒక విశ్వవిద్యాలయం మొదటి కోడ్ కింద పెట్టుకుంటే, పక్క రాష్ట్రంలోనిది రెండో కోడ్ కింద పెట్టుకుంటుంది. సీటు వచ్చాక విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కనే ఈ ఆరంకెలు ఉంటాయి. అయితే అప్పటికి అప్లికేషన్ ఫీజులు కట్టేసి ఉంటారు. కాబట్టి దరఖాస్తుకు ముందే అమ్మాయి చేత అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాయించి, కోడ్ ఏమిటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. స్టెమ్మేనని కన్సల్టెన్సీ వాళ్లు నోటితో చెప్తే లెక్కలోకి తీసుకోవద్దు.

రెండోది లైసెన్సు. అక్కడ ఆర్కిటెక్టుగా సంతకం పెట్టాలంటే చాలా రాష్ట్రాల్లో ఎన్‌ఏఏబీ (అక్కడ ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న డిగ్రీ కావాలి. మన బి.ఆర్క్ అయిదేళ్లది కనుక, మన పిల్లలకు ఒకటి, ఒకటిన్నర ఏడాది పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సులు చూపిస్తుంటారు. ఖర్చు తక్కువే, కానీ వాటికి సాధారణంగా ఆ గుర్తింపు ఉండదు. అది లేకపోతే మన డిగ్రీని ఈఈఎస్ఏ అనే మదింపు సేవ ద్వారా విడిగా మదింపు చేయించుకోవాలి. ఆ పైన 3,740 గంటల అనుభవం, ఏఆర్ఈ అనే ఆరు భాగాల లైసెన్సు పరీక్ష. ఒక్క ఏడాది ఓపీటీలో ఇదంతా తేలదు.

ఇక డబ్బు. 86 లక్షల్లో 16 లక్షలు మీరు సర్దుకుని 70 లక్షలు లోను తీసుకున్నారనుకోండి. వడ్డీ 10.5 శాతం, సగం మొదటి ఏడు, సగం రెండో ఏడు. చదువు రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది గడువు. ఈ మూడేళ్లూ వడ్డీ కట్టకుండా వదిలేస్తే 18 లక్షల పైచిలుకు వడ్డీ చేరి, అసలు 88 లక్షలు దాటుతుంది. 15 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 97,700. మీ ఇద్దరి రాబడీ కలిపితే 1,03,000. అమ్మాయికి అక్కడ నిలకడైన ఉద్యోగం దొరికితే కట్టగలదు. 12 నెలల ఓపీటీ అయిపోయి తిరిగొచ్చేస్తే? భువనేశ్వర్‌లోగానీ విశాఖలోగానీ కొత్త ఆర్కిటెక్టుకు చేతికొచ్చే జీతం ఈ ఈఎంఐలో సగం కూడా ఉండదు. ఆర్కిటెక్చర్ చదివినవాళ్ల మొదటి జీతాన్ని సాఫ్ట్‌వేర్ పిల్లల జీతంతో పోల్చుకోవడం వల్లే చాలా ఇళ్లలో ఈ లెక్క తప్పుతోంది.

అమ్మాయి ఏ కారణం చేత వెనక్కి వచ్చినా, మీ ఇద్దరిలో ఒకరి రాబడితో నడిచిపోయేంత అప్పే చేయాలి. అది 30 లక్షలు. 15 ఏళ్లకు ఈఎంఐ 33 వేల చిల్లర. బి.ఆర్క్‌లో మిగిలిన కాలం కూడా కలిపితే, ఈఎంఐ మొదలయ్యేనాటికి మీ ఆవిడకు 52 దాటుతాయి, 60కి రిటైర్మెంటు. ఆలోపే తీర్చేయాలంటే నెలకు 46 వేలకు పైనే కట్టాలి. వీలున్నప్పుడల్లా ఎక్కువ కట్టేయండి, ఫ్లోటింగ్ వడ్డీ లోనుకు ముందస్తు చెల్లింపు జరిమానా ఉండదు. చదువుతున్న కాలంలో వడ్డీ మాత్రం నెలనెలా కట్టండి, మొత్తం విడుదలయ్యాక కూడా అది 26,250 మించదు. డిపాజిట్లలో 8 లక్షలు వాడి, 6 లక్షలు దుకాణానికీ ఇంటికీ అత్యవసరంగా ఉంచండి. అంటే మీ చదువు బడ్జెట్ 38 లక్షలు. ట్యూషన్ మాఫీతో అసిస్టెంట్‌షిప్ (విశ్వవిద్యాలయంలోనే విద్యార్థికిచ్చే పని) వచ్చి మొత్తం ఈ లోపు తేలితేనే అమెరికా. లేదంటే వద్దు.

జర్మనీ ఈ 38 లక్షల్లో ఇముడుతుంది, అయితే "ఉచితం" అన్న మాట సగమే నిజం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఉండదు. ఆఖెన్, వైమార్ అలాంటివే. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలపు సెమిస్టరు నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. ట్యూషన్ లేనిచోట కూడా బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేసి చూపాలి. అందులోంచి నెలకు 992 చొప్పున విడుదలవుతుంది. రెండేళ్లకు 23,808. యూరో 105గా పట్టుకుంటే 25 లక్షలు. సెమిస్టరు చందాలు, మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు, వీసాకు 75 యూరోలు, విమానం, గది అడ్వాన్సు, గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, మోడల్ సామాను, పెద్ద డ్రాయింగుల ప్రింట్లు అన్నీ కలిపి 30 లక్షలు అనుకోండి. చాలామంది మొదటి ఏడాది డబ్బే సిద్ధం చేసుకుంటారు. రెండో ఏడు నివాస అనుమతి పొడిగింపుకు మళ్లీ డబ్బు చూపమంటారు, అప్పుడు హడావిడిగా బంగారం తాకట్టుకు వెళ్తారు. రెండేళ్లకూ ఇప్పుడే లోను శాంక్షన్ చేయించుకోండి.

అక్కడ అసలు ఖర్చు భాష. ఆర్కిటెక్చర్ మాస్టర్స్‌లో చాలావరకు పాఠాలు జర్మన్‌లోనే. ఆఫీసులో పని అంటే అక్కడి రాష్ట్రాల భవన నిబంధనలు చదవాలి, సైటు మీద మేస్త్రీలతో మాట్లాడాలి, జర్మన్ రాకపోతే కుదరదు. అమ్మాయి ఈ నెల నుంచే మొదలుపెడితే బి.ఆర్క్ ముగిసేలోపు బీ2 స్థాయి దాకా వెళ్లవచ్చు. ఈ ఫీజు అన్నిటికన్నా ముందు కట్టండి. ఆరు నెలలు చదివాక ఆసక్తి లేదని తేలితే, పోయేది కొన్ని వేలే. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఇస్తుంది.

సివిల్‌కు మారమన్న బావమరిది గారి సలహా వినడానికి బాగుంది. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు గణితం, మెకానిక్స్ క్రెడిట్లు చూస్తారు, బి.ఆర్క్ మార్కుల జాబితాలో అవి చాలవు. అమ్మాయికి దగ్గరి దారి బిల్డింగ్ సైన్స్, శక్తి పొదుపు, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్.

లోను విషయానికొస్తే, 7.5 లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి, విదేశీ చదువుకు 15 శాతం మన వాటా ఉండాలంటాయి. 38 లక్షల మీద అది 5.7 లక్షలు, మీ 8 లక్షలతో సరిపోతుంది. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం దేశంలోని సంస్థలకే, దాని కోసం తిరగకండి. పొలాన్ని చాలా బ్యాంకులు చదువు లోనుకు తీసుకోవు. పైగా ఇచ్ఛాపురం కాగితాలు తెలుగులో, పట్టాదారు పాస్‌బుక్, అడంగల్ రూపంలో ఉంటాయి. బరంపురం శాఖ లాయరుకు అవి కొత్త. ఇల్లే పెట్టండి, కానీ ముందు మూడు సంగతులు చూసుకోండి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మీ ఖాతా తీసి, కిస్సం (భూమి రకం) "ఘరబారి", అంటే ఇంటి స్థలం, అని ఉందో లేదో చూడండి. వ్యవసాయ భూమిగానే ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ కింద మార్పించాలి, దానికి నెలలు పడుతుంది. ఇల్లు ఇంకా మీ నాన్నగారి పేరునే ఉంటే తాసిల్దార్ ఆఫీసులో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కావాలి. పై అంతస్తుకు ప్లాను ఆమోదం లేకపోతే బ్యాంకు వాల్యుయర్ ఆ అంతస్తును లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఇంకో చిన్న విషయం పెద్దదవుతుంది. మన ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఒడియా పట్టాలో మరోలా ఉంటుంది. లోను ఫైలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. అఫిడవిట్ ఇప్పుడే చేయించండి. బ్యాంకు మీ దుకాణం రాబడిని ఐటీ రిటర్న్‌లో చూపినంతే నమ్ముతుంది, కనుక ఈ ఏడాది రిటర్న్ అసలు లాభంతో వేయండి.

డబ్బు పంపేటప్పుడు: 2025 ఏప్రిల్ 1 నుంచి, బ్యాంకు చదువు లోను నుంచి పంపేదానికి టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే కోసే పన్ను) లేదు. సొంత డబ్బుకు ఒక పాన్ మీద ఏడాదికి 10 లక్షలు దాటితేనే కోస్తారు, మీ 8 లక్షలకు ఆ బెడద లేదు. బ్యాంకు ఇచ్చే మారకం రేటును ఆ రోజు మార్కెట్ రేటుతో పోల్చండి. 12,000 యూరోల మీద రూపాయి తేడా అంటే 12,000 రూపాయలు. రేటు బ్యాంకు మేనేజరుతో మాట్లాడి తగ్గించుకోవచ్చు, అడగకపోతే ఎవరూ తగ్గించరు. చదువు లోను వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే ఉంది. మీ ఆవిడ జీతానికి రెండు పద్ధతులూ లెక్కగట్టి చూశాక ఎంచుకోండి.

లోను కాలానికి సరిపడా 30 లక్షల టర్మ్ పాలసీ అమ్మాయి పేరున ఒకటి, మీ పేరున ఒకటి తీసుకోండి. పొలం మీ ఇద్దరి వృద్ధాప్యానికి ఉంచండి. ఈ వారం చేయవలసినవి రెండే: భూలేఖ్‌లో ఖాతా తీయడం, అమ్మాయిని జర్మన్ తరగతిలో చేర్చడం.