ఇల్లు కొనేది ఏ జీతం చూసి?

ప్రశ్న: మేము కెనడాలోని మిస్సిసాగాలో ఉంటాం. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరం కెనడా పౌరులం, ఓసీఐ కార్డులున్నాయి. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఐస్ హాకీ ఆడతాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2022లో, నాలుగో రౌండులో ఒక ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలో అగ్రశ్రేణి హాకీ లీగు) జట్టు తీసుకుంది. 2024లో మూడేళ్ల కాంట్రాక్టు మీద సంతకం చేశాడు. రెండు సీజన్లుగా ఆ జట్టుకు అనుబంధంగా అమెరికాలో ఉన్న ఏహెచ్‌ఎల్ (దాని కింది లీగు) జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. పై లీగులో ఉంటే ఏడాదికి 8,55,000 అమెరికన్ డాలర్లు, కింది లీగులో ఉంటే 80,000. ఇవి కాక ఏటా 90,000 సైనింగ్ బోనస్. 2025-26 సీజన్లో 11 రోజులు పైకి పిలిచారు, నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. వచ్చే ఏడాది అక్కడే స్థిరపడతాడని మావారి నమ్మకం. ఎన్‌హెచ్‌ఎల్‌లో 90 శాతం మంది ఏహెచ్‌ఎల్ నుంచి వచ్చినవారేనట. అందుకని ఇప్పుడున్న టౌన్‌హౌస్ అమ్మి, తణుకు దగ్గర మామగారి నుంచి వచ్చిన రెండెకరాల మాగాణి కూడా అమ్మి పెద్ద ఇల్లు కొందామంటున్నారు. పొలానికి కోటిన్నర దాకా వస్తుందంటున్నారు. నెలకు 2,100 కెనడా డాలర్ల వాయిదా 4,700 అవుతుంది. అబ్బాయి పేరు కూడా అప్పులో కలిపితేనే ఇస్తామని బ్యాంకు చెప్పింది. వాడు సరేనన్నాడు. హాకీ ఖర్చులకు ఇంటి మీద తీసుకున్న 60,000 అప్పు ఇంకా ఉంది. పదకొండో తరగతి చదివే అమ్మాయి కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పొలం అమ్మకండి. అప్పు పత్రం మీద అబ్బాయి చేత సంతకం పెట్టించకండి. ఇల్లు కొనడం తప్పని అనను, కానీ ఈ ఏడాది, ఈ లెక్కతో వద్దు. కారణాలు వివరంగా రాస్తాను. మీవారితో కలిసి చదవండి.

ముందు ఆ 90 శాతం సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లలో పదింట తొమ్మిది మంది దాకా తమ దగ్గర ఆడి వెళ్లినవారేనని ఏహెచ్‌ఎల్ చెప్పుకొంటుంది. అందులో అబద్ధం లేదు. కానీ అది పైకి చేరినవారిని నిలబెట్టి, మీరెక్కడి నుంచి వచ్చారని అడిగితే వచ్చిన జవాబు. మీకు కావలసినది కింద ఉన్నవారిలో ఎందరు పైకి చేరి నిలబడతారన్న ప్రశ్నకు జవాబు. ఐఏఎస్ అయినవారందరూ డిగ్రీ చదివినవారే. అంతమాత్రాన డిగ్రీ చదివినవారందరూ ఐఏఎస్ అవుతారని ఏ తండ్రీ ఇల్లు కొనడు.

కింది నుంచి లెక్క వేద్దాం. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. ఒక్కో జట్టు జాబితాలో గరిష్ఠంగా 23 మంది. అంటే మొత్తం 736 స్థానాలు. ఒక్కో జట్టు 50 మంది దాకా కాంట్రాక్టు ఇవ్వవచ్చు, అంటే 1,600 వరకు. కాంట్రాక్టు చేతిలో ఉన్నవారిలోనే సగానికి పైగా ఏ రోజు చూసినా పై లీగులో ఉండరు. ఏటా డ్రాఫ్టులో ఏడు రౌండ్లు, 224 మంది కొత్తవాళ్లు వస్తారు. ఆ 736 స్థానాల్లో చాలావాటిలో దీర్ఘకాలిక కాంట్రాక్టులున్నవారు కూర్చుని ఉంటారు. నాలుగో రౌండు నుంచి వచ్చిన కుర్రాడు నాలుగు మ్యాచ్‌లు ఆడాడంటే అతను నిజంగా మంచి ఆటగాడు. మీరు గర్వపడాల్సిన విషయమే. అయితే నాలుగు మ్యాచ్‌లు ఆడటం వేరు, నలభై ఆడటం వేరు, నాలుగేళ్లు నిలవడం మరీ వేరు.

భారతీయ మూలాలున్న ముగ్గురిని చూడండి. రాబిన్ బావా 1989లో వాషింగ్టన్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టారు. నాలుగు జట్లు మారి మొత్తం 61 మ్యాచ్‌లు ఆడారు, వృత్తి జీవితంలో ఎక్కువ భాగం కింది లీగుల్లోనే గడిచింది. మానీ మల్హోత్రా 1998 డ్రాఫ్టులో ఏడో స్థానంలో ఎంపికై 991 మ్యాచ్‌లు ఆడారు. కెనడాలోని సర్రీలో పుట్టిన అర్ష్‌దీప్ బైన్స్‌ను డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో తన జూనియర్ లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు (గోల్స్, వాటికి అందించిన పాస్‌లు కలిపి) సాధించారు, ఆ సీజన్లోనే వాంకూవర్ కాంట్రాక్టు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడారు. ఆ తర్వాత కూడా కిందికీ పైకీ తిరుగుతూనే, 2025లో మల్హోత్రా శిక్షణలోని అబాట్స్‌ఫోర్డ్ జట్టుతో ఏహెచ్‌ఎల్ టైటిల్ కాల్డర్ కప్ గెలిచారు. తొలి మ్యాచ్ ఆడినంత మాత్రాన తలుపు పూర్తిగా తెరుచుకోదని బైన్స్ కథ చెబుతోంది. మీ అబ్బాయి ఇప్పుడున్నది ఇంచుమించు ఆ దశలోనే.

ఇక పిలుపు ఎవరికి వస్తుందన్నది. బాగా ఆడేవాడికి వస్తుందని బయట మనం అనుకుంటాం. నిజానికి పైన ఏ ఖాళీ పడిందో దాన్నిబట్టి వస్తుంది. మ్యాచ్‌కు పన్నెండు మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి నాలుగు వరుసలుగా, వంతులవారీగా దిగుతారు. గోల్స్ చేసే మొదటి రెండు వరుసల్లో ఖాళీ అరుదు. ఎక్కువగా ఖాళీ అయ్యేది నాలుగో వరుస. అక్కడ కోచ్‌కు కావలసినది ప్రత్యర్థిని అడ్డుకునేవాడు, పెనాల్టీ సమయంలో ఒక మనిషి తక్కువైనా జట్టును కాపాడేవాడు. అందుకే కింది లీగులో గోల్స్ దంచే కుర్రాడు అక్కడే ఉండిపోయి, అతనికన్నా తక్కువ పాయింట్లున్నవాడు పైకి వెళ్లడం జరుగుతుంది. మీ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: పైన ఆడిన ఆ నాలుగు మ్యాచ్‌లలో నిన్ను ఏ వరుసలో దించారు, పెనాల్టీ కాచే పని ఇచ్చారా? కోచ్‌ల పొగడ్తలకన్నా ఆ జవాబే ఎక్కువ చెబుతుంది. జట్టులో అతని స్థానంలో ఆడేవారి కాంట్రాక్టులు ఎప్పుడు ముగుస్తాయో ఏజెంటును అడగండి. అది దాచే సమాచారం కాదు.

మీరు రాయని సంగతి ఒకటి ఈ లెక్కలో చాలా ముఖ్యం. మీ అబ్బాయిలా ఇరవై ఏళ్ల వయసులో సంతకం చేసినవారిని మూడేళ్లపాటు, లేదా 160 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు నిండేదాకా, జట్టు ఏ అడ్డంకీ లేకుండా కిందికి పంపవచ్చు. ఆ తర్వాత పంపాలంటే వేవర్స్ దాటాలి, అంటే మిగతా 31 జట్లలో ఎవరైనా అతన్ని తీసుకుపోవచ్చు. కనుక 2026-27లో ఎవరో ఒకరిని కిందికి పంపాల్సి వస్తే, ఊరికే పంపగలిగిన మీ అబ్బాయినే పంపడం జట్టుకు సులువు. అతని ఆటకు దీనితో సంబంధం లేదు. అసలు తేలేది 2027లో. కాంట్రాక్టు ముగుస్తుంది. జట్టు కొత్త ఆఫర్ ఇవ్వాలి, లేదా వదిలేయాలి. ఇస్తే ఆ సెప్టెంబరులో అతన్ని పైన ఉంచుకోవాలా, వేవర్స్‌లో పోగొట్టుకునే ప్రమాదానికి ఒప్పుకోవాలా అన్నది తేల్చుకోవాలి. అతని గురించి జట్టు నిజంగా ఏమనుకుంటోందో డబ్బు రూపంలో మొదటిసారి బయటపడేది అప్పుడే. మీరు పాతికేళ్ల అప్పు తీసుకోవాలనుకుంటున్నది దానికి సరిగ్గా ఏడాది ముందు.

ఇప్పుడు జీతం. 8,55,000 అన్న అంకె మీ ఇంట్లో చాలాసార్లు వినిపించి ఉంటుంది. అది సీజన్ మొత్తం పైన ఉంటే వచ్చేది. జీతం రోజుల లెక్కన కడతారు. సీజన్ దాదాపు 190 రోజులు. పైన ఉన్న రోజుకు దాదాపు 4,500, కింద ఉన్న రోజుకు 420. కిందటి సీజన్లో 11 రోజులకు 49,500, మిగిలిన రోజులకు 75,000 పైచిలుకు, బోనస్ 90,000, కలిపి దాదాపు 2,15,000 అమెరికన్ డాలర్లు. 22 ఏళ్లకు ఇది గొప్ప సంపాదన. మీవారి ధైర్యం కూడా దీన్ని చూసే కావచ్చు. కానీ విడదీసి చూడండి. బోనస్ ఇంకొక్కసారే వస్తుంది. పైన ఉన్న రోజులు ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఖాయంగా నమ్మగలిగినది 80,000, అదీ ఒక్క సీజన్‌కు. ఏజెంటు రుసుము, పన్నులు, అక్కడి అద్దె, వేసవి శిక్షణ తీసేస్తే చేతికి మిగిలేది మహా అయితే అందులో సగం.

కొత్త ఇంటికి మీ మీద పడే అదనపు భారం నెలకు 2,600, ఏడాదికి 31,200 కెనడా డాలర్లు. ఆస్తి పన్ను, నిర్వహణ వేరు. పైకి వెళ్లని ఏడాదిలో అబ్బాయి దగ్గర మిగిలేదాంట్లో పెద్ద భాగం ఇంటికే పోతుంది. అతని పేరు కలిపితేనే అప్పిస్తామని బ్యాంకు అనడానికి అర్థం, మీ ఇద్దరి జీతాలకు ఆ ఇల్లు అందదనే. బ్యాంకు చెప్పిన ఆ మాటను అడ్డంకిగా కాక హెచ్చరికగా తీసుకోండి. పైగా యాజమాన్య పత్రంలో అతని పేరు చేరితే, రేపు తనకంటూ ఇల్లు కొనుక్కునేటప్పుడు మొదటిసారి కొనేవారికి ఒంటారియో భూమి బదిలీ పన్నులో ఇచ్చే 4,000 డాలర్ల వరకు రాయితీ పోతుంది. అప్పులో మాత్రమే చేరినా అతని రుణ అర్హత తగ్గుతుంది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. భుజానికి దెబ్బ తగిలి, ఫామ్ పోయి, ఆట మానేసి చదువుకుంటానని 24 ఏళ్ల కుర్రాడు చెప్పాలనుకుంటే, ఇంటి వాయిదా తన సంతకం మీద నడుస్తున్నప్పుడు ఆ మాట ఎలా చెబుతాడు? మన ఇళ్లలో పిల్లలు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు. అతను సరేనన్నాడని రాశారు. అమ్మానాన్నలు అడిగితే కాదనే కొడుకు కాదేమో. అందుకే అడగకండి.

పొలం విషయంలో నా మాట ఇంకా గట్టిది. ఇల్లు ఈ ఏడాది కాకపోతే మరో ఏడాది దొరుకుతుంది. ఆ మాగాణి మళ్లీ మీకు దొరకదు. ఓసీఐలు వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ఉంచుకోవచ్చు, భారత్‌లో నివసించే భారత పౌరులకు అమ్మవచ్చు, కానీ రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా కొనలేరు. ఇప్పుడు అమ్మేస్తే, రేపు డబ్బున్నా ఎకరం కొనే దారి ఉండదు. పన్ను కూడా చూసుకోండి. పట్టణ పరిధికి దూరంగా ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి అయితే భారత్‌లో మూలధన లాభాల పన్ను ఉండదు. కెనడా అలా వదలదు. మామగారు పోయిన నాటి విలువ నుంచి ఇప్పటిదాకా పెరిగినదాంట్లో సగం మీవారి ఆదాయంలో కలుస్తుంది. ఇంకో విషయం. విదేశీ ఆస్తుల మూల విలువ మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే ఏటా టీ1135 పత్రం దాఖలు చేయాలి. కౌలుకిచ్చిన పొలం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పటిదాకా ఇవ్వకపోతే జరిమానా రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా ఉంటుంది. స్వచ్ఛందంగా వెల్లడించే పద్ధతి ఉంది. ఈ నెలలోనే అకౌంటెంటును కలవండి.

మరి ఎప్పుడు కొనవచ్చు? పైకి పిలుపు వచ్చినప్పుడు కాదు, సీజన్ తొలి మ్యాచ్‌లో చోటు దొరికినప్పుడు కూడా కాదు. కింది లీగులో ఉన్నా పై లీగు జీతమే ఇచ్చే వన్‌వే కాంట్రాక్టు, కనీసం రెండేళ్లకు, చేతికి వచ్చినప్పుడు. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతమే 7,75,000 డాలర్లు, కనుక అలాంటి కాంట్రాక్టు ఒక్కటి వచ్చినా మీ కుటుంబ పరిస్థితి మారిపోతుంది. అప్పుడు కూడా ముందు అతని భవిష్యత్తుకు పక్కన పెట్టి, ఆ తర్వాత అతను మనస్ఫూర్తిగా ఇస్తానన్నది తీసుకోండి. మీ ఇంటి మీదున్న 60,000 అప్పు మాత్రం మీ జీతాల నుంచే తీర్చండి. కొత్త ఇంటికి కడదామనుకున్న నెలకు 2,600లో సగం దానికి మళ్లించినా నాలుగైదేళ్లలో తేలికపడుతుంది.

అబ్బాయికి మిగిలిన చివరి బోనస్‌ను ముట్టుకోకండి. పన్ను పోగా వచ్చినదాంట్లో ఏడాది ఖర్చుకు సరిపడా మొత్తం విడిగా ఉంచాలి. 2027 వేసవిలో ఏ కాంట్రాక్టూ లేకపోయినా తొందరపడి ఏ ఆఫర్‌కో తలవంచకుండా, ఐరోపా లీగుల వైపో, చదువు వైపో ఆలోచించే వెసులుబాటు ఆ డబ్బు ఇస్తుంది. జూనియర్ లీగులో ఆడిన ఏళ్లకు వచ్చే చదువు సాయం అతనికి ఇంకా చెల్లుతుందా, గడువు ఎప్పుడన్నది ఆ పత్రాల్లో చూడండి. మిగతాది పెట్టుబడి పెట్టే ముందు, రెండు దేశాల పన్నులు తెలిసిన అకౌంటెంటు చేత అతను ఏ దేశపు పన్ను నివాసి అన్నది తేల్పించండి. అమెరికా నివాసిగా తేలితే కెనడాలో పన్ను లేని పొదుపు ఖాతా అయిన టీఎఫ్‌ఎస్‌ఏలో డబ్బు వేయడం చిక్కు తెస్తుంది.

అమ్మాయి గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆమె చదువుకని వేసిన ఆర్‌ఈఎస్‌పీ ఖాతా ఉంటే దాన్ని హాకీకీ ఇంటికీ వాడకండి. చదువుకు కాక వేరేదానికి తీస్తే ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు వెనక్కి పోతుంది. ఏటా వేసే 2,500 డాలర్లకు 500 గ్రాంటు వస్తుంది. పాత ఏళ్లలో వేయనిది ఏడాదికి ఒకటి చొప్పున సరిచేసుకోవచ్చు, అప్పుడు గ్రాంటు 1,000 దాకా అందుతుంది. ఆమెకు 17 నిండే సంవత్సరం డిసెంబరు 31తో ఆ అవకాశం ముగుస్తుంది. ఖాతా వివరాలు ఈ వారంలోనే చూడండి.