మ్యాప్ మీద పది చుక్కలు, లెక్కకు రెండే

ప్రశ్న: ఒక ఆహార ఉత్పత్తుల కంపెనీ షేర్లలో మా పొదుపులో నాలుగో వంతు పెడదామనుకుంటున్నాను. లొకేషన్ డేటాతో తయారుచేసిన ఒక రిపోర్టు చూశాను. మ్యాప్ మీద ఆ కంపెనీ ఫ్యాక్టరీలు పది, గోదాములు, సరుకు అమ్మే దుకాణాలు అన్నీ చుక్కలుగా చూపించి, 'భౌగోళికంగా బాగా విస్తరించిన కంపెనీ, రిస్కు తక్కువ' అని రాశారు. నమ్మొచ్చా? ప్రతి నెలా ఇలాంటి రిపోర్టులు రావాలంటే చందా కట్టాలట, కట్టమంటారా? మా ఆయన ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీలోనే పనిచేస్తారు, ఇల్లు కూడా దగ్గర్లోనే కట్టుకున్నాం.

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు రిపోర్టు చూద్దాం.

ఫ్యాక్టరీ ఎక్కడుందో చుక్క చెప్తుంది. కంపెనీ బరువులో ఎంత భాగం దాని మీద ఉందో చెప్పదు. ఉదాహరణకు పది ఫ్యాక్టరీల్లో ఒకటే 70 శాతం సరుకు చేస్తోంది, మిగతా తొమ్మిదీ కలిసి 30 శాతం చేస్తున్నాయి అనుకోండి. ఒక్కోదాని వాటాను దానితోనే గుణించి అన్నీ కూడండి. 0.7ని 0.7తో గుణిస్తే 0.49, మిగతా తొమ్మిదింటికీ కలిపి 0.01, మొత్తం 0.50. ఇప్పుడు ఒకటిని ఈ 0.50తో భాగిస్తే 2 వస్తుంది. అంటే మ్యాప్ మీద పది చుక్కలున్నా, రిస్కు లెక్కలో ఆ కంపెనీకి ఉన్నవి రెండు ఫ్యాక్టరీలే. పదీ సమానంగా పనిచేస్తుంటే ఇదే లెక్కకు పది వచ్చేది. మార్కెట్‌లో పోటీ ఎంతుందో కొలవడానికి వాడే పాత పద్ధతే ఇది, ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో 2022లో రెండు కంపెనీల విషయంలో కనిపించింది. ఫిబ్రవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, స్టర్జిస్ ఊళ్లో అబాట్ కంపెనీ పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీ బ్యాక్టీరియా అనుమానంతో ఆగిపోయింది. ఒక్క ఫ్యాక్టరీ ఆగేసరికి దేశమంతటా పాలపొడికి కటకట వచ్చి, ప్రభుత్వం మే నెలలో సైనిక విమానాల్లో విదేశాల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. జూన్ మొదట్లో మళ్లీ తెరిస్తే అదే నెలలో వాననీళ్లు లోపలికొచ్చి ఇంకోసారి ఆగింది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో బెల్జియంలోని ఆర్లోన్‌లో ఫెరెరో చాక్లెట్ ఫ్యాక్టరీని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కారణంగా అక్కడి ఆహార భద్రతా సంస్థ మూయించింది. ఈస్టర్ ముందు, చాక్లెట్లకు అసలైన గిరాకీ ఉండే రోజుల్లో. కానీ కంపెనీ చెప్పిన ప్రకారం, ప్రపంచం మొత్తం మీద అది అమ్మే కిండర్ బ్రాండు సరుకులో ఆ ఫ్యాక్టరీ వాటా దాదాపు 7 శాతమే. పరువు పోయింది, నష్టమూ వచ్చింది, నడక మాత్రం ఆగలేదు. (ఫెరెరో షేర్లు మార్కెట్లో దొరకవు, వెతక్కండి. పోలిక కోసం చెప్పాను.) మ్యాప్ మీద మాత్రం స్టర్జిస్, ఆర్లోన్ రెండూ ఒకే సైజు చుక్కలు.

మరి ఏ చుక్క మీద ఎంతుందో ఎలా తెలుస్తుంది? ఫ్యాక్టరీల వారీగా ఉత్పత్తి చాలా కంపెనీలు బయటపెట్టవు. కానీ అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 8 పాటించే లిస్టెడ్ కంపెనీలు, అంటే షేర్లు మార్కెట్లో దొరికే కంపెనీలు, స్వదేశంలో ఎంత ఆదాయం, బయటి దేశాల్లో ఎంత, స్థిరాస్తులు ఎక్కడ ఎన్ని అని వార్షిక నివేదికలో రాయాలి. ఏ ఒక్క దేశం వాటా అయినా పెద్దదైతే విడిగా చూపాలి. వెనక పేజీల్లో సన్న అక్షరాల్లో ఉంటుంది, సెగ్మెంట్ నోట్ అంటారు. ఆదాయం నాలుగు దేశాల్లో పరుచుకుని, ఆస్తులన్నీ ఒక్క దేశంలోనే ఉంటే ఆ కంపెనీ అమ్మకాల్లో విస్తరించింది, తయారీలో విస్తరించలేదు. రిపోర్టు ఈ రెండిటినీ కలిపేసి ఒకే మ్యాప్ వేసింది. వేల దుకాణాల చుక్కలు చూసి కళ్లు చెదిరాయంటే తప్పు మీది కాదు.

తయారయ్యే సరుకేమిటో కూడా చూడాలి. రొట్టె, పాలు లాంటివి రెండు రోజుల్లో పాడవుతాయి కాబట్టి ఊరూరా ఫ్యాక్టరీ తప్పదు. అక్కడ చుక్కలు ఎక్కువుంటే అది అవసరం, గొప్ప కాదు. బిస్కెట్లు, నూడుల్స్ నెలల తరబడి నిలవుంటాయి, ఒకే చోట చేసి ఎంత దూరమైనా పంపొచ్చు. వాటికి ఫ్యాక్టరీలు తక్కువుండటం ఖర్చు పరంగా తెలివైన పనే, రిస్కు మాత్రం ఒకేచోట పోగుపడుతుంది.

ఇక డేటా నాణ్యత. ఏ చుక్కకైనా అక్షాంశం, రేఖాంశం పాయింటు తర్వాత రెండు అంకెల వరకే ఇచ్చి ఉంటే దాని అర్థం సుమారు ఒక కిలోమీటరు అటూ ఇటూ అని. అలాంటివి ఎక్కువుంటే ఎవరో ఊరి పేరు చూసి పెట్టేసిన చుక్కలే అయ్యుంటాయి. నేనూ ఒకసారి ఇలాంటి మ్యాప్‌ను నమ్మి ఒక కంపెనీ షేర్లు కొన్నాను. తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో వెతికితే 'ఫ్యాక్టరీల్లో' రెండు ఆఫీసు భవనాలు, ఒకటి గోదాము. కొనకముందు అరగంట కూర్చుని ఉంటే తెలిసిపోయేది. ఇంకో లోటు, వేరేవాళ్ల దగ్గర కాంట్రాక్టు మీద చేయించుకునే సరుకు. ఆ ఫ్యాక్టరీలు ఈ మ్యాప్‌లోకే రావు. ప్యాకెట్ మీద తయారీ చిరునామా చదివితే కొంత దొరుకుతుంది.

జనం ఫోన్ల లొకేషన్ బట్టి 'ఫ్యాక్టరీ దగ్గర రద్దీ పెరిగింది' అని గీసే గ్రాఫులు కూడా ఆ చందాలో ఉంటాయట. యంత్రాలు జేబులో ఫోన్ పెట్టుకోవు. కొత్త యంత్రాల లైను వేసి మనుషుల్ని తగ్గిస్తే ఉత్పత్తి పెరిగినా గ్రాఫు పడిపోతుంది. 2019లో ఐఫోన్లలో యాప్‌కు ఒక్కసారికే లొకేషన్ ఇచ్చే వీలు వచ్చింది. అలాంటి మార్పుతో అందే లొకేషన్ డేటా తగ్గితే, కంపెనీలో ఏమీ జరక్కపోయినా గీత వంకరపోవచ్చు. చందా కట్టొద్దు.

ఇప్పుడు మీరు రాసిన ఆ చివరి వాక్యం. కంపెనీ మ్యాప్ పక్కన పెట్టి మీ ఇంటి మ్యాప్ గీయండి. మీ ఆయన జీతం ఒక చుక్క, ఇల్లు ఒక చుక్క, ఇప్పుడు కొనబోయే షేర్లు ఇంకో చుక్క. మూడూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ ఫ్యాక్టరీ ఆరు నెలలు ఆగితే జీతానికి టెన్షన్, షేరు పడుతుంది, ఆ చుట్టుపక్కల ఇళ్లు కొనేవాళ్లూ తగ్గుతారు. కంపెనీకి ఇంకా తొమ్మిది ఫ్యాక్టరీలున్నా మీకున్నది అదొక్కటే.

అందుకే నాలుగో వంతు అనే మాట మర్చిపోండి. వేరే ఎవరికైనా ఒక కంపెనీలో 5 శాతం దాకా సరే అంటాను, మీకు అదీ వద్దంటాను. ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటి షేర్లూ కొనే ఫండ్‌లో పెట్టండి, అందులో ఆహార కంపెనీలూ ఉంటాయి. అంతకన్నా ముందు, మామూలుగా ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోమనే చోట మీరు ఏడాది ఖర్చు పెట్టుకోండి. ఆయనకు కంపెనీ ఇచ్చిన షేర్లుంటే, అమ్ముకునే గడువు వచ్చిన కొద్దీ నిబంధనల ప్రకారం కొంచెం కొంచెంగా వదిలించుకోండి. ఫ్యాక్టరీ లోపలి విషయాలేవైనా ఆయన ఇంట్లో చెప్తే వాటిని బట్టి మాత్రం కొనడం, అమ్మడం చేయకండి, అది ఇద్దరినీ చట్టం ముందు నిలబెడుతుంది.