పాటల ముచ్చట: టేపు కోసిన చేతులు

ప్రశ్న: సార్, పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటన్ రాక్ బ్యాండ్ వాళ్ల 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్‌లో 'మనీ' పాట మొదట్లో చిల్లర మోత, గల్లా పెట్టె గంట అన్నీ తాళంలో పడతాయి. కంప్యూటర్ లేని రోజుల్లో అది ఎట్లా కుదిరింది?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: తమ్ముడూ, ఈ ఆల్బమ్ నా దాకా వచ్చింది కూడా నీలాంటి విద్యార్థి వల్లనే. ఎనభైల్లో హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు పాటలు రికార్డు చేసిచ్చే దుకాణం ఉండేది. నేటి ఎన్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీ అప్పట్లో ఆర్ఈసీ. ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో చదివేవారు, సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు ఇంగ్లిష్ క్యాసెట్లు తెచ్చుకునేవారు. అందులో ఒకడు ఇది నా బల్ల మీద పెట్టి, "అన్నా, మధ్యల ఆగొద్దు, తిప్పెయ్యొద్దు, ఒక్క తీరుగ పోవాలె" అన్నాడు. ఆల్బమ్ మొత్తం 43 నిమిషాల లోపే. సీ-90 క్యాసెట్ ఒక పక్కకు 45 నిమిషాలు. ఇంకో రెండు నిమిషాల టేపు మిగిలేటట్టు పట్టింది. పట్టేటప్పుడు చెవి పెట్టి వినడం నాకు అలవాటు. ఆ చిల్లర మోత రాగానే చేతిలో పని ఆపేశాను.

ఇక నీ ప్రశ్న. ఆ పాట రాసిన రోజర్ వాటర్స్ భార్య కుండలు, మట్టి పాత్రలు చేసేది. ఆమె మట్టి కలిపే పెద్ద గిన్నెలో చిల్లర వేసి ఆ చప్పుడు పట్టాడు. దానికి కాగితం చింపిన చప్పుడు, గల్లా మిషన్ గంట లాంటివి తోడయ్యాయి. ఒక్కో చప్పుడు ఉన్న టేపును స్కేలు పెట్టి కొలిచి, అన్నీ సమానంగా వచ్చేటట్టు బ్లేడుతో కోసి, వరుసగా అతికించి, కొసకు కొస కలిపి దండ చేశారు. దండ పొడుగు ఎక్కువై మిషన్ మీద పట్టదు కాబట్టి మైకు స్టాండు చుట్టూ తిప్పి, బిగువు సడలకుండా నడిపించారు. దండకు ఏడు ముక్కలు. అందుకే ఆ పాట ఏడు దెబ్బల్లో నడుస్తుంది. మన మిశ్రచాపు లెక్క, తకిట తకధిమి. గిటారు విడిగా చెలరేగే చోట మాత్రం నాలుగులోకి మారుతుంది, మళ్లీ ఏడుకు వస్తుంది.

ఆ కోత ఎంత కష్టమో చెప్తాను. స్టూడియో టేపు సెకనుకు 15 అంగుళాలు పరుగెత్తితే, అర సెకను దెబ్బకు ఏడున్నర అంగుళాల ముక్క కావాలి. ఒక్క నూలు పోగంత ఎక్కువైనా తాళం కుంటుతుంది. నా దుకాణంలో నలిగి, టేపు మీది పాటను చదివే హెడ్డులో చిక్కిన క్యాసెట్లు రోజూ వచ్చేవి. నలిగిన ముక్కను కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసేవాణ్ణి. నిలువుగా కోస్తే అతుకు దగ్గర 'టప్'మంటుంది. క్యాసెట్లో టేపు సెకనుకు రెండంగుళాలు కూడా నడవదు, వెడల్పు అగ్గిపుల్లకు కాస్త ఎక్కువ. ఊపిరి బిగబట్టి అతికించినా పాటలో ఒక అక్షరం పోయేది. ఆ పని చేసినవాణ్ణి కాబట్టి అంటున్నా, ఆ ఏడు ముక్కలు అతికించిన చేతులకు దండం పెట్టాలి.

ప్రశ్న: మేం నలుగురం ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నాం. ఎనిమిది పాటలున్నాయి. స్టూడియో గంటకు ఇంత అని తీసుకుంటుంది. ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలి? పెద్ద బ్యాండ్లు నెలలకు నెలలు ఎట్లా కూర్చుంటాయి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: స్టూడియో రోజులు లెక్కపెట్టే ముందు జనం ముందు వాయించిన రోజులు లెక్కపెట్టండి. పైన చెప్పిన ఆల్బమ్‌నే చూడండి. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో 1972 మే చివర మొదలుపెట్టి, మధ్యలో కచేరీలకు పోయి వస్తూ, 1973 మొదట్లో ముగించారు. అయితే స్టూడియో గడప తొక్కడానికి నెలల ముందే ఆ పాటల వరస మొత్తం కచేరీల్లో వినిపించారు. 1972 జనవరిలో బ్రైటన్‌లో మొదటిసారి వాయించిన రోజున 'మనీ' దగ్గర టేపు మొరాయించి ఆపేయాల్సి వచ్చింది. ఒక చోట గిటారుతో సాగే ముక్క ఉండేది. దాన్ని తీసేసి, స్టూడియోలో సింథసైజర్ అనే కరెంటు వాయిద్యం మీద కొత్తది కట్టారు. ఇంకో చోట ఆర్గన్ మీద బైబిలు వచనాలు వినిపించేవారు, అదీ పోయింది. ఇంత కోతా కూర్పూ అయ్యాకే ఆల్బమ్ నిలబడింది.

మీరూ అట్లనే చేయండి. కాలేజీ ఫెస్ట్‌లోనో, భద్రకాళి బండ్ మీద నలుగురు స్నేహితుల ముందో, ఎనిమిదీ వరసగా పదిసార్లు వాయించండి. ఫోన్‌లో రికార్డు చేసి మరునాడు వినండి. ఏ పాట దగ్గర వినేవాళ్లు పక్కకు తిరిగి మాట్లాడుకున్నారో ఫోనే చెప్తుంది. అప్పుడు ఎనిమిదిలో ఆరు మిగిలినా మంచిదే.

పట్టిన గొంతులు, వాయిద్యాలు కలిపి కూర్చే మిక్సింగ్ దగ్గర కొట్లాట వస్తుంది, రాక తప్పదు. వాళ్లకూ వచ్చింది. వాటర్స్, డ్రమ్మర్ నిక్ మేసన్ ధ్వని పొడిగా ఉండాలన్నారు. గిటారు డేవిడ్ గిల్మోర్, కీబోర్డ్ రిక్ రైట్ ప్రతిధ్వని ఎక్కువ కావాలన్నారు. చివరికి క్రిస్ థామస్ అనే బయటి మనిషిని పిలిచి కూర్చోబెట్టారు. మీ నలుగురికీ నమ్మకమున్న ఐదో చెవిని ఇప్పుడే చూసి పెట్టుకోండి.

జనం ఎట్లా తీసుకుంటారన్న బెంగ మీ ఉత్తరంలో కనిపించింది. 1973 ఫిబ్రవరిలో లండన్ ప్లానెటేరియంలో పత్రికలవాళ్లకు ఆల్బమ్ వినిపించే సభ పెడితే, నాలుగు వైపుల నుంచి వినిపించే మిక్స్ సిద్ధం కాలేదని రైట్ తప్ప మిగతా ముగ్గురూ రాలేదు. వాళ్ల అట్ట బొమ్మలు నిలబెట్టారు. అమెరికాలో బాగా అమ్ముడుపోయే ఆల్బమ్‌ల జాబితాలో అది మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే. సొంత దేశంలో రెండో స్థానం దాటలేదు. అయినా 1988 దాకా ఆ అమెరికా జాబితాలో మొత్తం 741 వారాలు ఉంది.

ప్రశ్న: అన్నా, నేను జానపద పాటలు పాడుత. ఒక పాటల నడుమ ఆలాపన నా సొంతంగ అల్లిన. పాట బాగ నడిచింది. పైసలు ఒక్క రోజువి ఇచ్చిన్రు, కట్టినోళ్ల పేర్లల్ల నా పేరు లేదు. అడగొచ్చునా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: అడగొచ్చు చెల్లె, అడగాలె. అదే ఆల్బమ్‌లో మాటలు లేకుండా గొంతు ఒక్కటే లేచి, ఏడ్చి, తగ్గే పాట ఉంది. అది పాడింది క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం, ఇంజనీర్ ఆలన్ పార్సన్స్ చెప్తే ఆమెను పిలిచారు. మాటల్లేవు, గొంతును వాయిద్యం అనుకొని పాడమన్నారు. రెండు మూడు సార్లు పాడి, బాగా రాలేదేమో అనుకుంటూ ఇంటికి పోయింది. కూలి 30 పౌండ్లు. ఆల్బమ్ అట్ట మీద పాడిన మనిషిగా పేరు వేశారు. కట్టిన పేరు మాత్రం రైట్ ఒక్కడిదే. 2004లో ఆమె కోర్టుకు పోయింది. 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాట కట్టినవాళ్లలో రైట్ పక్కన ఆమె పేరు కూడా ఉంటున్నది. ముప్పై ఏండ్లు దాటింది చెల్లె. నువ్వు అంతకాలం ఆగకు.

నాకూ ఒక బరువు ఉంది. బతుకమ్మ పాటల క్యాసెట్ ఒకటి పట్టించినప్పుడు, నడుమ పాట మరిచిపోతే ఒక పెద్దమ్మ అప్పటికప్పుడు నాలుగు చరణాలు అందుకుంది. క్యాసెట్ వేసిన కంపెనీ ఆమె పేరు వేయలేదు. నేను గట్టిగా అడగలేదు. నా దగ్గరున్న కాపీల అట్ట మీద తర్వాత పెన్నుతో రాశాను. అమ్ముడుపోయినవాటి మీద రాయలేకపోయాను.

నీ పని ఇది. ఆ రోజు స్టూడియోలో ఎవరెవరున్నారో, ఏ తేదీనో రాసి పెట్టు. ఫోన్‌లో మెసేజ్‌లు, పైసలు వేసిన రుజువు దాచు. ముందు మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు: పాట కింద వివరాల్లో ఆలాపన కట్టినట్టు పేరు వేయమని. మాట వినకపోతే వకీలును కలువు. ఇక ముందు మైకు ముందు నిలబడక ముందే కాగితం మీద రాయించుకో.

ప్రశ్న: మా నాన్న చదువుకునే రోజుల్లో వరంగల్‌లో పట్టించుకున్న ఇదే ఆల్బమ్ క్యాసెట్ దొరికింది. టేపు మీద తెల్లటి బూజు. పెట్టి వినొచ్చా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: వద్దమ్మా, అట్లనే పెట్టకు. బూజు హెడ్డుకు అంటుకుంటుంది, తర్వాత పెట్టిన క్యాసెట్లకూ పాకుతుంది. డబ్బాకు మరలుంటే విప్పి, టేపు చుట్టలు రెండూ మెల్లగా తీసి మంచి ఖాళీ డబ్బాలోకి మార్చాలి. పొడి మెత్తటి గుడ్డ మధ్య నుంచి పోనిస్తూ నెమ్మదిగా ఒకసారి చుట్టాలి. ముక్కుకు గుడ్డ కట్టుకో. టేపు వెనక ఉండే చిన్న మెత్తటి ప్యాడు ఊడిందేమో చూడు, ఊడితే గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. మొదటిసారి పెట్టినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించు, రెండోసారికి టేపు ఉంటుందో లేదో. అది సీ-90 అయితే, అట్ట లోపలి వైపు చూడు. ఏ పక్కన ఏముందో నేను నీలం సిరాతో రాసేవాణ్ణి.