స్టీరింగ్ డాంపర్ ఎన్ని క్లిక్‌లకి పెట్టాలి?

బైక్‌కి డాంపర్ (హ్యాండిల్ వణుకుని అణిచే ఆయిల్ గొట్టం) వేయించాక కూడా వేగం వంద దాటితే హ్యాండిల్ వణుకుతోంది, క్లిక్‌లు (డాంపర్ బిగువు మార్చే నాబ్ మెట్లు) పెంచితే సందుల్లో బండి తిరగనంటోంది అన్నారు కదా. ఇక క్లిక్‌లు ముట్టుకోకండి. డాంపర్ ఒక వైపు బోల్టు తీసి పక్కకి వదిలేసి, ముందు కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) చూడండి. డాంపర్ తగిలించి ఉంటే కోన్ సెట్ లోపం చేతికి అందదు.

ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపండి. ఫోర్క్‌లని కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు టక్కుమంటే కోన్ లూజు. హ్యాండిల్‌ని వేలితో తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగిందంటే రేస్‌లో, అంటే బేరింగు బాల్స్ దొర్లే గాడిలో, బాల్స్ గుంటలు చేశాయన్నమాట. అప్పుడు బిగించి లాభం లేదు, సెట్ మొత్తం మార్చాల్సిందే. ఉత్త లూజే అయితే పై నట్టు, పై ప్లేటు క్లాంప్ బోల్టులు వదులు చేసి, కింది గాడి నట్టుని సీ-స్పానర్‌తో (కొక్కెంలా వంగిన స్పానర్) బిగించి, హ్యాండిల్ ఐదారుసార్లు ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి, నట్టుని ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి వదలండి. పై నట్టు బిగిస్తే కోన్ ఇంకాస్త బిగుస్తుంది, అందుకే చివర్లో మళ్లీ చూడాలి. కేబుళ్లు అడ్డుపడకపోతే, మధ్యలోంచి కాస్త తోయగానే హ్యాండిల్ తన బరువుకి తనే పక్కకి వాలిపోవాలి. ముందు టైరు అరుగుదల, గాలి, వీల్ బ్యాలెన్స్ కూడా ఇప్పుడే చూసేయండి.

ఇక డాంపర్. బండి నుంచి పూర్తిగా ఊడదీసి, రాడ్డుని నెమ్మదిగా లాగి నెట్టండి. దిశ మార్చిన చోట రెండు మిల్లీమీటర్లు ఖాళీగా జారి ఆ తర్వాత పట్టుకుంటే లోపల గాలి చేరింది. మీ బండి లక్షణాలు వింటే నా అనుమానం దీని మీదే. వణుకులో రాడ్డు కదిలేదే రెండు మూడు మిల్లీమీటర్లు, అదంతా ఆ ఖాళీలోనే అయిపోతుంది. సందులో పెద్దగా తిప్పినప్పుడు మాత్రం డాంపర్ పూర్తిగా అడ్డుపడుతుంది. రాడ్డు చివర్ల బాల్ జాయింట్లలో ప్లే ఉన్నా ఇదే జరుగుతుంది. రాడ్డు మీద గోరు పెట్టి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే క్రోమ్ లేచింది, కొత్త సీలు వేసినా అది కోసేస్తుంది.

విప్పడానికి వీలున్న రకమైతే, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్‌ని ట్రేలో పోసి, నాబ్ పూర్తిగా వదులు చేసి, బాడీని ముంచి, బుడగలు ఆగేదాకా రాడ్డు ఆడించి, ఆయిల్‌లో ఉండగానే మూత బిగించాలి. గ్యాస్ నింపిన రకాన్ని ఇంట్లో విప్పొద్దు.

బిగించాక హ్యాండిల్ రెండు వైపులా చివరికంటా తిప్పి చూడండి. రాడ్డు ఇంకో 3 మి.మీ. అయినా కదిలేలా ఉండాలి. ఆగాల్సింది ఫ్రేమ్ స్టాపర్ మీద, డాంపర్ మీద కాదు.

నాబ్‌ని పూర్తి వదులు నుంచి రెండేసి క్లిక్‌లు పెంచుతూ నడపండి. నడక వేగంలో యూ-టర్న్ తీసుకుంటే డాంపర్ ఉన్నట్టే తెలియకూడదు, తెలిసిందంటే రెండు వెనక్కి. హ్యాండిల్ కాకుండా బండి మొత్తం పాములా నెమ్మదిగా ఊగితే అది వేరే జబ్బు. దానికి క్లిక్‌లు పెంచితే ముదరొచ్చు. వెనక టైరు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి) బుష్‌లు, వెనక కట్టిన లగేజీ చూడండి.

మే నెలలో రామగుండం ఎండకి ఆయిల్ పలచబడి పొద్దున పెట్టిన సెట్టింగ్ మధ్యాహ్నానికి వదులుగా అనిపిస్తే, ఒక్క క్లిక్ పెంచితే చాలు.