అమ్మకి చెప్పని బండలు

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా. అక్టోబర్‌లో క్లాస్‌మేట్లు లాక్కెళ్తే ఒక క్లైంబింగ్ జిమ్‌కి వెళ్లాను, అంతే, ఇప్పుడు వారానికి నాలుగు రోజులు అక్కడే. వచ్చే నెల క్లబ్ వాళ్లు స్టానేజ్ అనే చోటికి, నిజం బండల మీదికి తీసుకెళ్తారట. ఊరెళ్లిపోతున్న సీనియర్ ఒకడు తన తాడూ, నడుముకి కట్టుకునే హార్నెస్సూ కలిపి 40 పౌండ్లకి ఇస్తానంటున్నాడు. జిమ్ మేనేజరేమో శనివారాలు పిల్లలకి నేర్పితే డబ్బులిస్తానన్నాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు, లోన్ తీసుకుని పంపారు, గోడలెక్కుతున్నానంటే నాన్న ఏమంటాడో అని టెన్షన్. ఏం చేయను? (పేరు వద్దు)

జవాబు: ముందు శనివారం పని సంగతి, ఎందుకంటే నీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే, బండలు కాదు. యూకే స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చని నీకు తెలిసే ఉంటుంది, కానీ అదే షరతుల్లో స్పోర్ట్స్ కోచ్‌గా పని చేయకూడదని కూడా ఉంది. ఈ రెండో లైను దాకా ఎవరూ చదవరు. మేనేజర్ "నువ్వే బిల్లు రాసి పంపు, డబ్బులు వేస్తా" అన్నాడా, అది స్వయం ఉపాధి కిందకొస్తుంది, అదీ కుదరదు. ఆయన మంచోడే అయ్యుండొచ్చు, నీ వీసా గురించి ఆయనకేం తెలుసు? జిమ్ కౌంటర్‌లో కూర్చోవడం, కేఫ్‌లో కాఫీ కలపడం వేరే కథ, అదైనా ముందు యూనివర్సిటీలో వీసా సలహా చూసేవాళ్లకి మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకుని దాచుకో.

పాత తాడు కొనకు. క్లైంబింగ్ తాడు మనిషి పడ్డప్పుడు సాగి ఆ దెబ్బని తను మింగుతుంది, అలా ఎన్ని దెబ్బలు మింగిందో, ఏ కారు డిక్కీలో ఏ యాసిడ్ పక్కన పడుందో పైకి చూస్తే తెలీదు. హార్నెస్సూ అంతే. షూస్, చేతులకి రాసుకునే చాక్ పొడి సంచీ అయితే పాతవి హాయిగా తీసుకో. అయినా క్లబ్‌కి తాళ్లుంటాయి కదా, మొదటి ఏడాదే నీకు సొంత తాడు దేనికి?

ఇక స్టానేజ్. నాకు అసూయగా ఉంది, దాచుకోను. షెఫీల్డ్‌లో రైలెక్కితే హేదర్‌సేజ్‌లో దిగి నడిచేయొచ్చు, కిలోమీటర్ల పొడవునా గోడ కట్టినట్టు గ్రిట్‌స్టోన్ అంచు, బాగా గరుకైన ఇసుకరాయి. ఎత్తు చూస్తే మన లెక్కలో పెద్ద గుట్ట కూడా కాదు, ఎక్కువలో ఎక్కువ ఓ 25 మీటర్లు. ఈ పొట్టి రాళ్ల మీద చేతులు అరగదీసుకున్న మాంచెస్టర్ కుర్రాడు జో బ్రౌన్, 1955 మే 25న జార్జ్ బ్యాండ్‌తో కలిసి కాంచనగంగ మొదటిసారి ఎక్కాడు. చలికాలం కదా అని బెంగపడకు, గ్రిట్‌స్టోన్‌కి చలే బాగుంటుంది, వేళ్లకి చెమట పట్టదు, రాయి పట్టు దొరుకుతుంది. కాకపోతే డిసెంబర్‌లో నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది, తలకి కట్టుకునే లైటు మర్చిపోకు.

ఒకటి గుర్తుంచుకో, అక్కడ జిమ్‌లోలా రంగురంగుల పట్టులూ, ముందే బిగించిన బోల్టులూ ఉండవు. ముందు ఎక్కేవాడు బండ సందుల్లో లోహపు ముక్కలు ఇరికించి తాడు తగిలించుకుంటూ పోతాడు, వెనక ఎక్కేవాడు వాటిని తీసుకుంటూ వస్తాడు. నువ్వు కొన్నాళ్లు ఆ వెనకవాడివే. జిమ్‌లో ఎంత కష్టమైనది ఎక్కినా సరే, ఇరికించిన ముక్క నిలుస్తుందా లేదా అన్నది జిమ్ నేర్పదు.

పడేది కూడా మనం అనుకునే చోట కాదు. లిన్ హిల్ అని అమెరికా ఆవిడ, అప్పటికే ప్రపంచంలో పెద్ద పేరు, 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూలో తేలికైన దారి ఎక్కుతూ హార్నెస్‌కి తాడు ముడి పూర్తిగా వేసుకోవడం మర్చిపోయింది. పైకెళ్లి దిగడానికి వెనక్కి వాలేసరికి 20 మీటర్లకి పైనే పడిపోయింది, చెట్టు కొమ్మలు ఆపబట్టి బతికింది. నేనూ ఒకసారి కబుర్లలో పడి సగం ముడితోనే గోడకి చెయ్యేశాను, తాడు పట్టుకున్న పిల్ల "ముడి చూపించు" అనకపోతే ఈ కాలమ్ ఇంకెవరో రాస్తుండేవారు. నీ ముడి వాళ్లు, వాళ్ల బిలే పరికరం (కింద నిలబడి తాడు పట్టుకునేవాళ్లు తాడుని ఆపేది) నువ్వు, ప్రతిసారీ చూడాలి, ఎంత పాత దోస్తయినా.

నాన్నకి చెప్పు. భువనగిరి కోట బండ మీద నేర్చుకున్న పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కారు కదా (అదీ మే 25నే, చూశావా), ఆ ఆనంద్ కుమార్ అప్పటి మీ ఖమ్మం జిల్లా అబ్బాయే, అక్కణ్నుంచి మొదలుపెడితే సగం పని అయిపోతుంది. పంపే మొదటి ఫొటోలో హెల్మెట్టూ తాడూ స్పష్టంగా కనపడాలి, షర్టు విప్పి గోడకి వేలాడే ఫొటో తర్వాత ఎప్పుడైనా చూసుకుందాం. కానీ వారానికి నాలుగు రోజులు ఎక్కువే. చదువు మాట అటుంచు, కండ పెరిగినంత తొందరగా వేళ్ల స్నాయువులు (కండని ఎముకకి కట్టి ఉంచేవి) గట్టిపడవు, మొదటి ఏడాది వేళ్లు పాడుచేసుకునేవాళ్లంతా నీలాంటి ఉత్సాహవంతులే. రెండు, మహా అయితే మూడు.

ప్రశ్న: మా అమ్మాయి డ్రెస్డెన్‌లో చదువుతోంది. సెలవొస్తే రాతి స్తంభాలెక్కడానికి పోతుంది. అక్కడ ఇనుప సామాను వాడనివ్వరట, తాడుకి ముడులేసి సందుల్లో ఇరికిస్తారట! పైగా తాడే లేకుండా ఎక్కే ఒకాయన వీడియో మా ఆడపడుచు పంపింది. నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: ఆ వీడియో బహుశా అలెక్స్ హోనాల్డ్‌ది, 2017లో అమెరికాలోని దాదాపు 900 మీటర్ల ఎల్ కాపిటాన్ బండ తాడు లేకుండా ఎక్కాడు. దానికి ముందు అదే బండ తాడుతో ఎన్నోసార్లు ఎక్కి సాధన చేశాడన్నది మీ ఆడపడుచుగారు పంపలేదు. మీ అమ్మాయి తాడుతోనే ఎక్కుతోందండీ, తాడు లేకపోతే ముడుల మాటే రాదుగా. ముడుల సంగతి నిజమే. ఎల్బ నది ఒడ్డున ఆ ఇసుకరాయి మెత్తన, లోహం ఇరికిస్తే రాయి చెడుతుంది, అందుకే వందేళ్ల పైనుంచి అక్కడ అదే పద్ధతి. చాక్ పొడి కూడా వద్దంటారు. అక్కడక్కడా రాతిలో దిగ్గొట్టిన ఉక్కు రింగులుంటాయి. భయపడాల్సింది తడి రాయికి, వాన పడితే ఆ ఇసుకరాయి బలం తగ్గి పట్టు ఊడొస్తుంది. కాబట్టి ఫోన్లో "వెళ్లొద్దే" అని ఏడవకుండా "మొన్న వాన పడిందా? రాయి ఆరిందా?" అని అడగండి, ఎదురు మాట్లాడలేదు. జర్మన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం తీసుకుందో లేదో కూడా అడగండి, కొండల్లో రెస్క్యూ ఖర్చుకి బీమా అందులోనే కలిసి ఉంటుంది.

ప్రశ్న: క్లైంబింగ్ షూస్ రెండు సైజులు చిన్నవి కొనాలంటున్నారు, నిజమా? (మెల్‌బోర్న్ నుంచి)

జవాబు: పూర్వం అనేవారు. వేళ్లు ముందు అంచుకి తగిలి కాస్త వంగితే చాలు, కళ్లనీళ్లు వస్తే అది మీ సైజు కాదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం వాచి ఉంటాయి. మొదటి నెల జిమ్‌లో అద్దెవి చాలు. అవి వేసుకుని బాత్రూమ్‌కి మాత్రం వెళ్లకండి, తర్వాత ఆ పట్టుల మీద అందరూ చేతులేస్తారు.