బండి – బాట: కాలి కింద కరిగే పెట్రోలు, వెనక నుంచి తోసే ట్రైలరు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మైలేజీ గురించే. మిగిలినవాటిలో రెండు మూడు ఉత్తరాలు బండి వెనక మరో బండిని కట్టుకుని వెళ్ళడం గురించి ఉన్నాయి. ఈ రెండు విషయాలకూ ఉన్న చుట్టరికం జవాబులు రాస్తుండగానే తెలిసివచ్చింది కాబట్టి వాటిని ఒకే చోట ఇస్తున్నాను.

ప్రశ్న: ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు హనుమకొండ నుంచి హైదరాబాదుకు స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్తాను. చిన్న పెట్రోలు కారు. కొనేటప్పుడు లీటరుకు 21 కిలోమీటర్లు వస్తుందన్నారు, నాకు 15 దాటడం లేదు. సర్వీసింగ్‌లో బండి బాగానే ఉందంటున్నారు. లోపం బండిలో ఉందా, నా చేతిలో ఉందా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేతిలో కాదమ్మా, చాలావరకు కాలిలో ఉంటుంది. అయితే ముందుగా ఆ 21 సంగతి చూద్దాం. షోరూంలో చెప్పే అంకె పరీక్షశాలలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి, ఏసీ వేయకుండా తీసినది. ఆ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఎదురుగాలి ఉండదు, ఉప్పల్ దగ్గర బారులు తీరిన బస్సులు అసలే ఉండవు. రెండు కార్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికివస్తుందే గాని, రోడ్డు మీద వచ్చి తీరాలని పట్టుబట్టడానికి కాదు. మీ దారిలో మీ బండికి 17, 18 వస్తే బాగా నడుపుతున్నట్టే లెక్క.

మీకు వస్తున్నది నిజంగా 15 అవునో కాదో కూడా ఒకసారి కొలవండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను తనంతట తాను ఆగిపోయేవరకు ట్యాంకు నింపించి ట్రిప్ మీటరును సున్నా చేయండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అక్కడే అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. డాష్‌బోర్డు చూపించే అంకె కంటే ఈ లెక్కనే నేను ఎక్కువగా నమ్ముతాను.

ఇక అసలు విషయం. పెట్రోలు ఖర్చయ్యేది యాక్సిలరేటరు తొక్కినప్పుడే అయినా, వృథా అయ్యేది మాత్రం బ్రేకు తొక్కినప్పుడు. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారును నిలిచిన చోటు నుంచి 80 కిలోమీటర్ల వేగానికి తేవడానికి, గాలితో, రోడ్డుతో చేసే పోరాటం సంగతి పక్కన పెట్టినా, సుమారు 30 మిల్లీలీటర్ల పెట్రోలు కాలుతుంది. బ్రేకు తొక్కి బండిని ఆపిన ప్రతిసారీ ఆ పెట్రోలు బ్రేకు డిస్కుల వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసులో మూడో వంతు పెట్రోలు రోడ్డు మీద ఒలకబోసినట్టు ఊహించుకోండి. టోల్ గేటు అర కిలోమీటరు ముందే కనబడుతున్నా చివరిదాకా అదే వేగంతో వెళ్ళి బ్రేకు వేసేవారు, ముందున్న లారీ వెనక్కి దూసుకుపోయి, వేగం తగ్గించి, మళ్ళీ తొక్కేవారు హనుమకొండ నుంచి ఉప్పల్ చేరేలోపు ఇలాంటి గ్లాసులు పాతిక ముప్పై ఒలకబోస్తారు. అడ్డంకి కనబడగానే గేరు తీయకుండా యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి బండిని దానంతట అది నెమ్మదించనివ్వండి. ముందు బండికి మూడు సెకన్ల దూరం పాటిస్తే ఇది కష్టపడకుండానే అలవాటవుతుంది.

వేగం సంగతికి వస్తే, గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 80లో ఉన్నదానికి 100లో ఒకటిన్నర రెట్లు పైమాటే. 140 కిలోమీటర్ల దారిలో ఆగకుండా 100లో వెళ్ళినా 80తో పోలిస్తే కలిసొచ్చేది 21 నిమిషాలు, అదీ కాగితం మీద. భువనగిరి, జనగామ పరిసరాల రద్దీలో ఆ నిమిషాల్లో సగం తిరిగి ఇచ్చేస్తారు.

టైర్లలో గాలి పదిహేను రోజులకొకసారి, ఉదయం బండి కదలకముందో, ఇంటి దగ్గరి పంక్చర్ షాపులోనో చూపించుకోండి. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఎంత గాలి ఉండాలో స్టిక్కరు ఉంటుంది, దాన్నే నమ్మండి. "అన్నిటికీ నలభై కొట్టేస్తే మైలేజీ వస్తుంది మేడం" అనే సలహా వద్దు, అంత గాలితో వానలో బ్రేకు పట్టు తగ్గుతుంది. బండి మీద ఊరికే మోస్తున్న క్యారియరు ఉంటే తీయించేయండి.

ప్రశ్న: దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో దిగుడు వచ్చినచోటల్లా మా బావమరిది కారును న్యూట్రల్‌లో వదిలేస్తాడు. పెట్రోలు మిగులుతుందంటాడు. నాకు గుండె దడ. ఎవరిది నిజం? – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మీ దడే నిజం. మీ బావమరిది చెప్పేది కార్బురేటరు కాలం నాటి మాట. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండగా యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే, ఇంజను వేగం ఐడిలింగ్ స్థాయికి (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను తిరిగే కనిష్ఠ వేగానికి) దగ్గరపడేదాకా ఇంజెక్టర్లు పెట్రోలు పంపడమే మానేస్తాయి. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. అంటే మిగులుతుందనుకున్నచోటే ఖర్చు పెడుతున్నాడు.

డబ్బు సంగతి అలా ఉంచి, ప్రమాదం మాట చెప్పాలి. గేరు తీసిన బండికి ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. వరస మలుపుల్లో అదేపనిగా తొక్కితే ప్యాడ్లు మాడిన వాసన వస్తుంది, తరవాత పెడలు మెత్తబడుతుంది, ఆ తరవాత తొక్కినా బండి ఆగదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట నేటికీ సరైనదే. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ గేరు వాడాలి. ఇంజను ఆపేసి దిగే మహానుభావులు కూడా ఉన్నారు. బ్రేకును తేలిక చేసే బూస్టరు ఇంజను ఆగాక రెండు మూడు తొక్కుళ్ళ వరకే సాయం చేస్తుంది, స్టీరింగు కూడా బిగుసుకుంటుందని వారికి చెప్పండి.

ప్రశ్న: ఏసీ వేసుకోవడం లాభమా, అద్దాలు దించుకోవడం లాభమా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఊళ్ళో నెమ్మదిగా తిరిగేటప్పుడు అద్దాలు, హైవే ఎక్కాక ఏసీ. ఎండలో నిలబెట్టిన కారును తలుపులు తీసి రెండు నిమిషాలు వేడి వదలనిచ్చాక ఏసీ వేయండి. మే నెల నెల్లూరులో పెట్రోలు కోసం ఏసీ మానుకోమని మాత్రం నేను చెప్పను.

ప్రశ్న: డాలస్ నుంచి షార్లెట్‌కు ఇల్లు మారుతున్నాం. మా ఎస్‌యూవీ వెనక అద్దె ట్రైలరు కట్టుకుని నేనే నడుపుదామనుకుంటున్నాను. ఇంతవరకు ఎప్పుడూ ట్రైలరు లాగలేదు. భార్య, ఇద్దరు పిల్లలు కూడా బండిలోనే ఉంటారు. ఏమేం చూసుకోవాలి? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: వెయ్యి మైళ్ళ పైచిలుకు దారి, మొదటిసారి ప్రయత్నం, బండిలో పిల్లలు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కారు కొన్నప్పుడు చెప్పిన "ఇన్ని వేల పౌన్లు లాగుతుంది" అన్న అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. దానికంటే ముందు మిమ్మల్ని ఆపేది డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉండే మరో అంకె, అంటే మనుషులు, సామాను కలిపి బండి ఎంత మోయగలదన్నది. ఉదాహరణకు అది 1,000 పౌన్లనుకుందాం. మీ నలుగురూ కలిసి 550, డిక్కీలో సూట్‌కేసులు 200 అయితే మిగిలింది 250. ట్రైలరు ముందు కొన మీ హిచ్ (కారు వెనక ట్రైలరును తగిలించే కొక్కెం) మీద మోపే బరువు, అక్కడివారు టంగ్ వెయిట్ అనేది, ఆ 250లోనే ఇమడాలి. ఆ బరువు ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంటే సామానుతో కలిపి ట్రైలరు 2,000 పౌన్లుంటే, కొన మీద 200కి తగ్గకూడదు, 300 దాటకూడదు. మీకు మాత్రం 250 దగ్గరే గీత.

ఈ శాతం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, బరువంతా వెనక్కి చేరిన ట్రైలరు కొన పైకి లేస్తుంది, వేగం అందుకోగానే తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ముందు చిన్నగా ఉండి, పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటిన గాలికో, దిగుడులోనో హఠాత్తుగా పెరిగి కారునే పక్కకు తిప్పేస్తుంది. అందుకే వాషింగ్ మెషీను, పుస్తకాల పెట్టెలు, రుబ్బురోలు తెచ్చుకుని ఉంటే అదీ, అన్నీ ఇరుసుకు ముందువైపు అడుగున పెట్టండి. బరువులో సుమారు 60 శాతం ముందు సగంలో ఉండాలి. పరుపులు, దిండ్లు వెనక్కి పోవచ్చు. బరువులు ఎడమ, కుడి పక్కలకు సమంగా ఉండాలి, దారిలో జరగకుండా పట్టీలతో బిగించాలి.

ఒకవేళ ఊపు మొదలైతే మనసు చెప్పే రెండు పనులూ చేయకూడదు. ఒకటి గట్టిగా బ్రేకు వేయడం, రెండు స్టీరింగుతో ఎదురు తిప్పడం. స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయండి. వేగం తగ్గేకొద్దీ ఊపు దానంతట అది చల్లారుతుంది. తరవాత పక్కకు ఆపి సామాను సర్దుకోండి. అది సర్దకుండా మళ్ళీ బయలుదేరితే అదే వేగం దగ్గర మళ్ళీ ఊగుతుంది.

వేగం గంటకు 55 మైళ్ళు చాలు. ట్రైలర్లు అద్దెకిచ్చే యు-హాల్ కంపెనీ తన ట్రైలర్లకు గరిష్ఠంగా చెప్పేది అదే. కాలిఫోర్నియాలోనైతే ట్రైలరు లాగే బండికి చట్టమే ఆ హద్దు పెట్టింది. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి. పై జవాబులో హనుమకొండ పాఠకురాలికి పెట్రోలు ఆదా కోసం చెప్పిన దూరం మీకు ప్రాణావసరం. పెట్రోలు ఖర్చు మూడో వంతుకు పైగా పెరిగినా ఆశ్చర్యపోకండి.

తగిలించేటప్పుడు హిచ్ మీది బంతి సైజు, దాని మీద కూర్చునే ట్రైలరు కప్పు సైజు ఒకటేనని వాటి మీద చెక్కిన అంకెలు చదివి చూసుకోండి. తాళం వేశాక కొనను పైకి లాగి చూడండి, ఊడి రాకూడదు. సేఫ్టీ గొలుసులు కొన కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు తగిలిస్తే, పొరపాటున బంతి నుంచి జారినా కొన రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ ఉయ్యాలలో నిలుస్తుంది. మీ ఆవిడను వెనక నిలబెట్టి బ్రేకు లైట్లు, ఇండికేటర్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయో లేదో చెప్పించుకోండి. బయలుదేరిన అయిదారు మైళ్ళకే ఒకసారి ఆగి పట్టీలు, గొలుసులు, చక్రాల నట్లు చూడండి. అప్పటికే ఏదో ఒకటి వదులయ్యే ఉంటుంది.

వెనక్కి నడపడం ఖాళీ పార్కింగులో అరగంట సాధన చేయండి. చేతిని స్టీరింగు అడుగుభాగంలో పెట్టుకుంటే చెయ్యి ఎటు కదిలితే ట్రైలరు వెనక భాగం అటే పోతుంది, తల తిరగదు.

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం. వడ్లు ట్రాలీలో మిర్యాలగూడ మిల్లుకు మా అబ్బాయే తోలుతాడు. కాలువ కట్ట దిగేటప్పుడు ట్రాలీ ముందుకు తోస్తున్నదంటున్నాడు. ఏం జాగ్రత్త చెప్పమంటారు? – ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ట్రాలీ తోస్తున్నదని గుర్తించాడు కాబట్టి మీ అబ్బాయి జాగ్రత్తపరుడేనండీ. చాలా ట్రాలీలకు వాటి సొంత బ్రేకు ఉండదు, ఉన్నా పనిచేయదు. టన్నుల కొద్దీ వడ్ల బరువును ట్రాక్టరు వెనక చక్రాలే ఆపాలి. కాబట్టి కట్ట మీద ఉండగానే చిన్న గేరు వేసుకుని దిగాలి, మధ్యలో గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు. క్లచ్ తొక్కిన క్షణం నుంచి బండిని నడిపేది ట్రాలీయే.

ఇంకొకటి చూడమనండి. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు రెండుంటాయి, దుక్కిలో మళ్ళడానికి విడివిడిగా వాడతాం. పొలం నుంచి రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే గొళ్ళెం వేశాడో లేదో రోజూ చూడాలి. మరిచిపోయి ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు ఒకవైపు తిరుగుతుంది, ట్రాలీ వచ్చి దాన్ని మడిచేస్తుంది. కొక్కెం దగ్గర పిన్ను బదులు ఇంట్లో దొరికిన బోల్టు వాడొద్దు. పిన్నుకు కింద క్లిప్పు ఉండాలి, అదనంగా గొలుసు కట్టాలి. ట్రాలీని ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబారు) తగిలించాలి. పైన తగిలిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి పడే ప్రమాదముంది.

వెనక పలకకు ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించండి. మిల్లు దగ్గర బారులో చీకటి పడితే వెనకనుంచి వచ్చే మోటారు సైకిలు వాడికి వడ్ల ట్రాలీ గోడలాగా నల్లగానే ఉంటుంది. బస్తాల మీద కూలీలను కూర్చోబెట్టడం చట్టరీత్యా నేరం, రేపు ఏమైనా జరిగితే బీమా దగ్గర కూడా చిక్కే. వారికి ఆటో మాట్లాడండి.

ప్రశ్న: కారు ఆగిపోతే తాడు కట్టి మరో కారుతో లాక్కెళ్ళవచ్చా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: దగ్గర్లోని మెకానిక్ దాకా అయితే వెళ్ళవచ్చు, ఆటోమేటిక్ కారును మాత్రం అలా లాగవద్దు, గేరుబాక్సు పాడవుతుంది. దానికి నాలుగు చక్రాలనూ పైకెత్తే క్రేను బండినే పిలిపించాలి. వెనక కారులో లైసెన్సు ఉన్నవారే కూర్చోవాలి. స్టీరింగు తాళం పడకుండా తాళంచెవి ఆన్‌లో ఉంచాలి. ఇంజను నడవదు కాబట్టి బ్రేకును బలంగా తొక్కాల్సి వస్తుందని వారికి ముందే చెప్పండి. తాడును బండిని లాగడానికని అడుగున ఉండే టో హుక్కుకే కట్టాలి, బంపరుకు కాదు. రెండు కార్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. వెనక కారు డ్రైవరు మెల్లగా బ్రేకు వేస్తూ తాడును ఎప్పుడూ బిగువుగా ఉంచాలి, వదులై ఒక్కసారిగా లాగితే తెగుతుంది. మధ్యనుంచి ఏ సైకిలో దూరకుండా తాడుకు ఒక ఎర్రగుడ్డ కట్టండి.