కోతలయ్యాక పశువులు మడుల్లో మేస్తుంటే ఎండుగడ్డి కూడా వేయాలా?

వేయాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు వరి కోతలయ్యాక పశువులు పగలంతా మడుల్లో తిరుగుతాయి కాబట్టి కడుపు నిండిందనుకుంటాం. మొదట్లో గట్ల మీద పచ్చిక, కొయ్యల్లో (కోసిన వరి మొదళ్లలో) వచ్చిన పిలకలు దొరుకుతాయి. సంక్రాంతి నాటికి మిగిలేది ఎండు కొయ్యలే. మినుము, పెసర చల్లిన మడుల్లోకి ఎలాగూ ఎవరూ రానివ్వరు.

300 కిలోల ఆవుకు రోజుకు సుమారు 6 నుంచి 7 కిలోల పొడి మేత కావాలి. బయట మేసింది పోను మిగతాది సాయంత్రం వేస్తే రాత్రంతా నెమరేస్తుంది. ఆ అరుగుదలలో పుట్టే వేడి చలికి పనికొస్తుంది.

వరిగడ్డితో కడుపు నిండుతుంది గానీ బలం రాదు, మాంసకృత్తులు 3, 4 శాతమే. పాలిచ్చే పశువుకు తవుడు, నూనె తీసిన గింజల చెక్క, ఖనిజ లవణాలు తప్పవు. గడ్డిని యూరియాతో మాగబెట్టుకోవచ్చు: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలుపొరలుగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 3 వారాలు ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు. యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణానికే ప్రమాదం, బకెట్ అక్కడే వదిలేయకండి.

నాకు అసలు టెన్షన్ తుపాను వానకు తడిసిన గడ్డితోనే. కుప్ప పైన పసుపుగా, బాగానే కనిపిస్తుంది. మధ్యలో చెయ్యిపెట్టి గుప్పెడు లాగి చూడండి. నల్లమచ్చలు, ముక్కవాసన ఉంటే వేయొద్దు. బూజు గడ్డి తిన్న గేదెలకు చలికాలంలో తోక చివర, చెవులు, కాళ్లు కుళ్లే జబ్బు వస్తుంది.